వాటాలు పోయి ఫ్లాట్లు వచ్చాయి

ఈ మధ్య ఏ పెళ్లికి వెళ్లినా, ఏ గృహప్రవేశానికి వెళ్లినా ముప్పై ఏళ్లు నిండని పిల్లలు ఫ్లాట్ల కబుర్లే చెబుతున్నారు. ఒకడు కొల్లూరులో తీసుకున్నానంటాడు, ఒకమ్మాయి తెల్లాపూర్‌లో రెండోది బుక్ చేశానంటుంది. సంతోషమే. సొంత సంపాదనతో ఒక ఇల్లు అమర్చుకుని, అద్దెకిచ్చి, దాని ఆసరాతో ఇంకోటి అమర్చుకోవాలన్న ఆలోచన మంచిది. బళ్లో పాఠాలు చెప్పిన వేళలు పోగా నా జీవితమంతా ఆ పనే చేశాను. కానీ "అద్దె ఎంత వస్తుందమ్మా?" అని అడిగితే జవాబు రాదు. "అద్దెదేముంది అమ్మమ్మా, రేటు పెరుగుతుంది కదా" అంటారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. అద్దెకివ్వడానికే కొంటూ, అద్దె ఎంతో కనుక్కోకుండా లక్షలు పోసేవాళ్లను మా రోజుల్లో నేను చూడలేదు.

మా రోజులంటే 1970లు, 80లు. హైదరాబాద్‌లోని విద్యానగర్, నల్లకుంట, చిక్కడపల్లి, రాంనగర్, బర్కత్‌పుర పేటల్లో వాటాలు లేని ఇల్లు అరుదు. ఉద్యోగుల సహకార సంఘంలో సభ్యత్వం ఉంటే రెండు వందల గజాల జాగా దొరికేది. ప్రభుత్వ ఉద్యోగానికి ఇల్లు కట్టుకునే అడ్వాన్సు ఇచ్చేవారు. పీఎఫ్ మీద కొంత, చిట్టీ పాడి కొంత తెచ్చుకునేవాళ్లం. ఇళ్ల కోసం అప్పులివ్వడానికని పెట్టిన హెచ్‌డీఎఫ్‌సీ పుట్టిందే 1977లో. మా వీధిలో దాని పేరు వినడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అందుకని చేతిలో ఉన్నంత మేరకే పునాది. మొదట మేముండడానికి రెండు గదులు, వంటిల్లు. రెండేళ్లకో మూడేళ్లకో పక్కనే ఒక వాటా. గది, వంటిల్లు, వెనక స్నానాల గది. ఆ వాటా అద్దెను ఇంటి ఖర్చులో కలిపేవాళ్లం కాదు. అది పోస్టాఫీసులో నెలనెలా పడేది. అది కాస్త పోగయ్యాక పైన శ్లాబు.

ఆ కట్టడంలోనే ముందుచూపు ఉండేది. స్తంభాల చువ్వలు శ్లాబు మీదికి మూరెడు వదిలి, తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసేవారు. మేడ మెట్లు ఎప్పుడూ బయటి నుంచే. లోపలి నుంచి మెట్లు పెడితే పై వాటా విడిగా అద్దెకివ్వలేమని మా మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు. కరెంటుకు విడి మీటరు, నీళ్లకు విడి కుళాయి, గేటు దగ్గర అందరికీ చాలేంత సంపు. వీధిలో ఒక ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఏడాదికి మించి నిలవకపోతే అందరం కారణం వెతికేవాళ్లం. నూటికి తొంభై పాళ్లు నీళ్లో, మెట్లో, స్నానాల గదో కారణమయ్యేది. ఇల్లు అందంగా లేదని ఖాళీ చేసినవాళ్లను నేనెరగను.

అద్దె వసూలు ఆడవాళ్ల పని. మగవాళ్లు ఆఫీసుకు వెళ్లిపోయేవారు. ఎవరింట్లో పంపు కారుతోంది, ఎవరు నెల మధ్యలో ఊరెళ్తున్నారు, ఎవరి జీతం ఆగింది, అన్నీ ఇంటావిడకే తెలిసేవి. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వేసవుల్లో బిందెల తగాదాలు తీర్చింది నేనే. అద్దెకున్న కండక్టరుగారి భార్య పురిటికి వెళ్తే ఆయనకు అన్నం పెట్టిందీ నేనే. ఇది దయాగుణం గురించి గొప్ప చెప్పుకోవడం కాదు. ఆ మనుషులు మాకు తెలుసు కాబట్టి అద్దె ఎప్పుడు ఆలస్యమవుతుందో, ఎందుకవుతుందో ముందే తెలిసేది. ఇవాళ ఫ్లాటు యజమాని డల్లస్‌లో, అద్దెకుండే కుర్రాడు కొండాపూర్‌లో, మధ్యలో తాళాలు పట్టుకుని తిరిగే ఏజెంటు. కుళాయి కారితే ముగ్గురి మధ్య మెసేజీలు నడిచేలోగా కింది ఫ్లాటు పైకప్పు ఉబ్బిపోతుంది. విదేశాల్లో ఉన్న యజమానికి అద్దె కట్టేవాడు, అద్దె ఎంత తక్కువైనా సరే, అందులో 30 శాతం పైచిలుకు పన్ను కోసి ప్రభుత్వానికి జమ చేయాలి. ఈ సంగతి అద్దెకుండేవాడికీ తెలియదు, చాలామంది యజమానులకూ తెలియదు. నోటీసు వచ్చాక ఇద్దరూ పరుగులు పెడతారు.

అద్దెకిచ్చే ఇల్లు ఎక్కడుండాలన్నది మాకు ఎవరూ నేర్పలేదు, కళ్లెదుటే కనిపించేది. యూనివర్సిటీ ఉంది కాబట్టి విద్యానగర్, అడిక్‌మెట్‌లలో విద్యార్థుల గదులు. ఆర్టీసీ ఉంది కాబట్టి ముషీరాబాద్, రాంనగర్‌లలో ఆ ఉద్యోగుల కాపురాలు. రామచంద్రాపురానికి బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌కు ఐడీపీఎల్, కుషాయిగూడ వైపు ఈసీఐఎల్ కర్మాగారాలు వచ్చాక ఆ చుట్టుపక్కల గదులు లేచాయి. జీతం వచ్చే చోటికి నడిచో, ఒక్క బస్సెక్కో వెళ్లగలిగిన దూరంలో ఇల్లుంటే అద్దె ఆగదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక పనిచేసింది కూడా అదే సూత్రం. మారింది ఊరి మూల మాత్రమే.

ఆ సూత్రానికి రెండో వైపూ ఉంది, దాన్నే పిల్లలు చూడరు. ఒక్క యాజమాన్యాన్నే నమ్ముకున్న పేట, ఆ యాజమాన్యంతోపాటే కుంగుతుంది. 1990ల్లో ఐడీపీఎల్ ఖాయిలా పడింది. 2019 తర్వాత అమరావతి రాజధాని పనులు ఆగగానే తుళ్లూరు, మందడం వైపు కట్టిన వాటాలకు అడిగే మనిషి కరువయ్యాడు. 2020లో కరోనాకు ఐటీ కంపెనీలు పిల్లల్ని ఇళ్లకు పంపేస్తే అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. భవనం మొత్తం లీజుకు తీసుకుని మంచాలు వేసి నడిపేవాళ్లు చాలామంది ఆ దెబ్బకు పడిపోయారు. మా పాత పేటల్లో మాత్రం కాలేజీ మూతపడితే ఆస్పత్రి నర్సులు వచ్చారు, వాళ్లు వెళ్తే కోచింగుకు వచ్చిన పిల్లలు వచ్చారు. నాలుగు రకాల జీతగాళ్లు తిరిగే చోట ఇల్లు కొన్నవాడు రాత్రి నిద్రపోతాడు.

ఇక లెక్కకొద్దాం, నా కోపమంతా ఇక్కడే ఉంది కాబట్టి. మా అక్క మనవడు ఒకడు 80 లక్షల ఫ్లాటు మాట్లాడుకుని నా దగ్గరకొచ్చాడు. "ఈఎంఐలో సగం అద్దె కట్టేస్తుంది అమ్మమ్మా, మిగతా సగం నేను కడతాను. ఇరవయ్యేళ్లకు ఫ్లాటు ఊరికే వచ్చినట్టు" అన్నాడు. కాగితం తెమ్మన్నాను. సొంతంగా 16 లక్షలు పెట్టి 64 లక్షలు అప్పు తీసుకుంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, ఇరవయ్యేళ్ల గడువుకు నెల కంతు 55 వేల 500 దాటుతుంది. ఆ చుట్టుపక్కల అలాంటి ఫ్లాటుకు అద్దె 22 వేలు. ఏడాదంతా ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా ఉన్నా 2 లక్షల 64 వేలు. అంటే 80 లక్షల మీద మూడున్నర శాతానికి తక్కువ. మొదటి ఏడాది అప్పు మీద వడ్డీయే 5 లక్షల 40 వేల దాకా ఉంటుంది. అద్దె వడ్డీలో సగానికి కూడా చాలదు, అసలు మాట దేవుడెరుగు. తెలంగాణలో రిజిస్ట్రేషనుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 6 లక్షలు. కడుతున్న ఫ్లాటైతే పైన 5 శాతం జీఎస్‌టీ. కప్‌బోర్డులు, కిచెన్ చేయించందే అద్దెకు ఎవరూ రారు. వాడి లెక్కలో ఇవేవీ లేవు.

పన్ను ఆదా అవుతుందన్నాడు. ఆ రోజులూ పోయాయి నాయనా అన్నాను. అద్దె ఆదాయంలోంచి ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద మినహాయింపు ఇస్తారు, వడ్డీ తీసేసుకోనిస్తారు. అది నిజం. కానీ వడ్డీ ఎక్కువై వచ్చిన నష్టాన్ని జీతంలో కలిపి పన్ను తగ్గించుకోవడానికి 2017 నుంచి ఏడాదికి 2 లక్షల హద్దు పెట్టారు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఆ 2 లక్షలూ లేవు. పన్ను మిగులుతుందని ఫ్లాటు కొనడం ఒకప్పుడు అర్థమున్న పని, ఇప్పుడు కాదు.

ధర పెరుగుతుంది కదా అన్నాడు చివరికి. పెరగవచ్చు. హైదరాబాద్‌లో చాలాసార్లు పెరిగింది, దాన్ని నేను కాదనను. 2008 మాంద్యం తర్వాత, రాష్ట్ర విభజన ఉద్యమం నడిచిన ఏళ్లలో ధరలు కదలక నిలబడిపోవడం కూడా ఈ కళ్లతోనే చూశాను. ఆ ఏళ్లలో అద్దె కంతుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఇల్లు నిలుపుకున్నారు, నెలనెలా చేతి నుంచి పెట్టినవాళ్లు అమ్ముకున్నారు. ఇంకో మాట. హైదరాబాద్‌లో జాగా విస్తీర్ణాన్ని బట్టి కట్టడానికి హద్దు పెట్టే ఎఫ్‌ఎస్‌ఐ నిబంధన లేదు. రోడ్డు వెడల్పూ మిగతా అనుమతులూ కుదిరితే నలభై యాభై అంతస్తులు లేస్తాయి. 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాడు ఆకాశంలోకి కట్టక ఏం చేస్తాడు? నువ్వు కొన్న ఫ్లాటు పక్కనే రేపు వెయ్యి ఫ్లాట్లు ఒకేసారి తాళాలు అందుకుంటాయి. ఆ వెయ్యిమందిలో సగం మంది అద్దెకివ్వడానికే కొన్నవాళ్లయితే అద్దె ఎటు పోతుంది? పైగా అలాంటి టవర్లలో ఒక్కో ఫ్లాటుకు దఖలయ్యే నేల, దాన్నే యూడీఎస్ అంటారు, మా వాటా ఇంటి పెరడంత కూడా ఉండదు. కట్టడం ఏటేటా పాతబడుతుంది, విలువ పెరిగేది నేలకే.

ఇంత చెప్పాక మా కాలమంతా బంగారమని అనను. మా వీధిలో టులెట్ బోర్డు చూసి లోపలికి వచ్చినవాణ్ని మొదట అడిగే ప్రశ్న కులం. మాంసం తినేవాళ్లకు ఇవ్వమనేవారు, ముస్లిములకు ఇవ్వమనేవారు, ఒంటరి ఆడవాళ్లను అనుమానంగా చూసేవారు. అది తప్పు. ఇవాళ గేటెడ్ కమ్యూనిటీల్లోనూ అదే నడుస్తోంది, మాటలు మాత్రం మర్యాదగా ఉంటాయి. "ఓన్లీ వెజిటేరియన్స్", "ఓన్లీ ఫ్యామిలీస్" అని రాస్తారు. మనిషి అద్దె కట్టగలడా, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటాడా అన్నవి రెండే అడగవలసినవి. వ్యాపారంగా చూసినా, వచ్చే పదిమందిలో ఏడుగురిని వెనక్కి పంపే యజమాని ఇల్లే ఎక్కువ నెలలు ఖాళీగా ఉంటుంది.

అప్పటికంటే ఇప్పుడు మేలైనవీ ఉన్నాయి. ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ కోసం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగిన కాళ్లు నావి. ఇప్పుడది ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. 2016లో రెరా చట్టం వచ్చింది. కొనుగోలుదార్ల నుంచి తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరున విడి ఖాతాలో ఉంచాలి. రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. తాళాలిచ్చాక అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. మాకు ఈ రక్షణల్లో ఒక్కటీ లేదు. ఇంత మంచి చట్టం చేతిలో ఉండి కూడా "ప్రీలాంచ్ ఆఫర్, గజం సగం ధరకే" అంటే పరుగెత్తుకెళ్లి, నమోదు కూడా కాని ప్రాజెక్టుకు మొత్తం సొమ్ము ముందే కట్టేస్తున్నారు. మునిగినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు, ఎఫ్‌టీఎల్, ఎక్కడిదాకా ఉందో అడగకుండా కొన్నవాళ్లున్నారు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ బుల్‌డోజర్లు వచ్చాక గానీ ఆ మూడక్షరాల అర్థం తెలుసుకోలేదు. మా రోజుల్లో లింకు డాక్యుమెంట్లు చదవడానికి ఒక వకీలును, జాగా చూడడానికి ఆ ఊరి ముసలాయన ఒకర్ని తీసుకెళ్లేవాళ్లం. వానాకాలంలో ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ ముసలాయనే చెప్పేవాడు.

అద్దె పెంచడంలోనూ ఇప్పటివాళ్ల తొందర నాకు నచ్చదు. ఆఫీసులు మళ్లీ తెరిచాక, 2022 నుంచి, ఐటీ వైపు అద్దెలు విపరీతంగా పెరిగాయి. మా పరిచయస్థుడొకాయన అయిదేళ్లుగా ఉంటున్న కుటుంబాన్ని 25 వేల నుంచి 28 వేలు చేస్తేనే ఉండమన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. రెండు నెలలు ఖాళీ. ఆ రెండు నెలల్లో పోయిన 50 వేలు, నెలకు 3 వేల చొప్పున తిరిగి రావాలంటే పదిహేడు నెలలు కావాలి. రంగులకూ ఏజెంటుకూ ఇచ్చింది వేరు. పదకొండు నెలల అగ్రిమెంటులో ఏటా అయిదు శాతం అని రాసుకుని, నెల మొదటివారంలో అద్దె ఇచ్చే కుటుంబాన్ని నిలుపుకోవడమే లాభం. మా కాలంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉండేది. అది వర్తించే ఇంట్లో అయితే, కావాలని బకాయి పెట్టాడనో, సొంత వాడకానికి ఇల్లు కావాలనో, అలాంటి కారణమేదో కోర్టులో నిరూపిస్తే తప్ప ఖాళీ చేయించడం కుదిరేది కాదు. అందుకని మనిషిని చూసి, విచారించి ఇచ్చేవాళ్లం, ఇచ్చాక సర్దుకునేవాళ్లం. ఇప్పటి నగరపు అద్దెలకు ఆ చట్టం వర్తించడం మానేసింది. సర్దుకోవడం కూడా మానేశారు.

మరి ఏం చేయమంటావని ఆ మనవడు అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. కొత్త టవరు వద్దు. నువ్వు రోజూ తిరిగే దారిలో, పదేళ్లో పదిహేనేళ్లో అయిన చిన్న అపార్టుమెంటులో, ఇప్పటికే అద్దెకున్న ఫ్లాటు చూడు. బస్సో మెట్రోనో నడిచే దూరంలో ఉండాలి. ఆ వీధిలో టులెట్ బోర్డుల మీది నంబర్లన్నిటికీ ఫోన్ చేసి అద్దెలు అడుగు, బోర్డు ఎన్నాళ్ల నుంచి వేలాడుతోందో కిరాణా కొట్టులో అడుగు. అనుమతి ఎన్ని అంతస్తులకో, కట్టింది ఎన్నో చూడు. మీద అక్రమంగా వేసిన అంతస్తయితే చవకైనా ముట్టుకోవద్దు. నీళ్లు బోరువా, నల్లావా, వేసవిలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయో వాచ్‌మన్‌ను అడుగు. అద్దెను ఏడాదికి పది నెలలకే లెక్కగట్టు, పదకొండో నెల మరమ్మతులకు, పన్నెండోది ఖాళీకి పోయిందనుకో. ఆ పది నెలల అద్దెతో కనీసం వడ్డీ అయినా తీరేంత తక్కువ అప్పు చెయ్యి. అంత డబ్బు చేతిలో లేకపోతే ఆగు. ఆరు నెలల కంతులు విడిగా బ్యాంకులో ఉన్నాకే సంతకం పెట్టు. రెండోది ఎప్పుడంటావా, మొదటిదాని అద్దె నీ జీతం సాయం లేకుండా తన అప్పు తాను తీర్చుకోవడం మొదలైనప్పుడు. మేం పై అంతస్తుకు పదేళ్లు ఆగాం. ఆ పదేళ్లలో కింది వాటాల్లో ఏం విరుగుతుందో, ఎలాంటివాళ్లు నిలబడతారో, నెలకు నికరంగా ఎంత మిగులుతుందో నేర్చుకున్నాం. ఆ చదువు లేకుండా రెండేళ్లలో మూడు ఫ్లాట్లు కొన్నవాడు మూడు అప్పులు కొన్నట్టే.

మనవడు 80 లక్షల ఫ్లాటు వదులుకున్నాడా అంటే, లేదు. టోకెన్ అడ్వాన్సు ఇచ్చేశాడు. వాడి డబ్బు, వాడి ఇష్టం.

నా వయసువాళ్లతో మాత్రం ఒక మాట చెప్పాలి. ఇప్పుడు పిల్లలు రెండో ఫ్లాటుకో మూడో ఫ్లాటుకో మనం కట్టుకున్న పాత ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టమని అడుగుతున్నారు. ఆ ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చేసి వచ్చిన వాటాతో ఇంకో చోట కొందామని అడుగుతున్నారు. ప్రేమకొద్దీ సంతకాలు పెట్టకండి. మనకు పెన్షను ఉన్నా లేకపోయినా నెల మొదటివారంలో చేతికొచ్చేది ఆ రెండు వాటాల అద్దే. పిల్లలకు డబ్బు సాయం చేయగలిగితే చేయండి, ఇంటి కాగితాలు మాత్రం బీరువాలోంచి తీయకండి.